స్టీరింగు బావ పెట్టించిన ఏసీ

మా బావ ఒకచోట నిలకడగా కూర్చోగా నేను చూడలేదు. కూర్చున్నా కుడి మోకాలు ఆడుతూనే ఉంటుంది, ఒళ్ళో చేతులు ఏదో గుండ్రటి వస్తువును తిప్పుతూనే ఉంటాయి. జీవితమంతా దూరప్రయాణాల బస్సు నడిపిన మనిషి. ఉద్యోగంలోంచి దిగి చాలాకాలమైనా చేతుల్లోంచి ఆ చక్రం దిగలేదు. వాళ్ళ వీధి పిల్లలు ఆయనకు స్టీరింగు తాతయ్య అని పేరు పెట్టారు. నేను వరసకు తగ్గట్టు సవరించి స్టీరింగు బావ అంటాను. మరదలిని కదా, ఆ మాత్రం హక్కు నాకుంది.

బస్సులో ఎంతమంది నిద్రపోయినా ఒక్కడు మేలుకుని ఉండాలి, ఆ ఒక్కడూ తనే అని ఆయన నమ్మకం. ఇంట్లో ఉన్నది భార్యాభర్తలు ఇద్దరే అయినా ఆ నమ్మకం మారలేదు. మా అక్క ఏ గదిలో ఉంటే ఆ గది గుమ్మం దగ్గర ఆయన. అక్క దగ్గితే మంచినీళ్ళు, అక్క కదిలితే చెయ్యి. "ఎలా ఉంది? ఎలా ఉంది?" అని అడిగినన్నిసార్లు మా మందుల షాపుకు వచ్చే వాళ్ళందరూ కలిసి కూడా నన్ను అడగరు. మంచివాడు, అందులో అనుమానం లేదు. కానీ అంత మంచితనం పక్కన ఓ పూట కూర్చుంటే నాకు ఒళ్ళంతా దురదలు పుడతాయి.

అక్కకు నరాల జబ్బు. వేడి తగిలిందంటే కాళ్ళు మాట వినవు, చూపు మసకబారుతుంది. పోనీ చలి పనికొస్తుందా అంటే అదీ లేదు. చలి ఎక్కువైతే అవే కాళ్ళు కర్రల్లా బిగుసుకుపోతాయి. ఒక్కసారి వెచ్చదనం, చల్లదనం సమంగా ఉన్నాయా, అక్క మామూలు మనిషే. నెమ్మదిగా నడుస్తుంది, గబగబా మాట్లాడుతుంది, ప్రెస్సువాళ్ళు పంపే బడిపుస్తకాల ప్రూఫులు దిద్దుతుంది. ఎర్ర పెన్ను చేతిలో ఉన్నప్పుడు ఆమె ముందు నిలబడటానికి నాకే భయం.

వాళ్ళది పాత ఇల్లు. పైన డాబా, పడమర వైపు పెద్ద గోడ. ఎండాకాలం ఆ గోడ మీద చెయ్యి పెడితే చటుక్కున తీసేయాల్సిందే. చలికాలం అదే గోడ పక్కన నిలబడితే పళ్ళు టకటకలాడతాయి. గడిచిన వేసవిలో ఓ మధ్యాహ్నం అక్క స్టవ్ ఆపడానికి వంటింట్లోకి వెళ్ళి, ఆపి, తిరిగి వస్తూ పడిపోయింది. ఎముకలేవీ విరగలేదు. కానీ పడిన చప్పుడు బావ చెవిలో ఉండిపోయింది. ఆ రోజు నుంచీ ఆమెను ఒంటరిగా అడుగు వెయ్యనివ్వలేదు.

డాక్టరమ్మ కూడా మొహమాటం లేకుండా చెప్పేసింది. "ఆ ఇంట్లో ఆవిడ ఉండలేదు. ఇంటినైనా బాగుచెయ్యండి, ఇల్లైనా మార్చండి."

నేను అక్కను మా ఇంటికి తీసుకొచ్చేశాను. మాది అపార్ట్‌మెంటు. కట్టినప్పుడే పైకప్పు లోపల పెద్ద పెద్ద గొట్టాలు వేసి అన్ని గదులకూ గాలి పంపే ఏర్పాటు చేశారు. ఎండాకాలమూ చలికాలమూ మా ఇంట్లో ఒకేలా ఉంటుంది. అక్క వచ్చిన వారానికే మొహం తేటపడింది. అప్పుడు బావను పిలిచి ఒకే ఒక్క మాట చెప్పింది.

"మనిల్లు ఏడాది పొడుగునా ఒకేలా ఉండేట్టు చెయ్యండి. చేశాక వస్తాను."

"ఏడాది పొడుగునా అంటే?"

"ఏడాది పొడుగునా అంటే ఏడాది పొడుగునా."

బావ మెట్లు దిగుతూ నన్ను పక్కకు పిలిచాడు. "మరదలా, ఇక్కడ సుఖంగా ఉందని ఇక్కడే ఉండిపోతుందేమోనే," అన్నాడు. నవ్వుతూ అనబోయాడు కానీ నవ్వు రాలేదు. ఆ మనిషి భయపడగా నేను చూడటం అదే మొదలు. ఎలాంటి ఘాట్ రోడ్డు మీదైనా చెమట పట్టని మనిషికి మా అపార్ట్‌మెంటు మెట్ల మీద నుదురు తడిసింది.

ఆ వేసవంతా ఆయన కాలు కాలిన పిల్లిలా తిరిగాడు. పొద్దున మా ఇంటికి, మా ఇంటి నుంచి షాపులకు, షాపుల నుంచి వాళ్ళ ఇంటికి, మళ్ళీ మా ఇంటికి. ఆయన వచ్చేసరికి అక్క ఎప్పుడూ కుర్చీలోనే ఉండేది. ఆమె లేవబోతే "ఆగాగు ఆగాగు" అంటూ అంత దూరం నుంచి పరుగెత్తుకొచ్చి రెక్క పట్టుకునేవాడు. అక్క ఆయన భుజం మీద భారం వేసి నడిచేది. నేను సాయంత్రం షాపు నుంచి వచ్చేసరికి మాత్రం బాల్కనీలో ఆరేసిన బట్టలు మడతపెట్టి మంచం మీద ఉండేవి.

"ఎవరు తెచ్చారే వీటిని?"

"వాటికే కాళ్ళొచ్చాయి," అనేది అక్క ప్రూఫుల్లోంచి తల ఎత్తకుండా. "మీ బావకు చెప్పకు. తెలిస్తే బాల్కనీ తలుపుకు తాళం వేయిస్తాడు."

నేను చెప్పలేదు. వాళ్ళిద్దరి మధ్యా దూరితే నలిగేది నేనేనని నాకు తెలుసు.

బావ మొదట మా ఇంట్లో ఉన్నట్టే గొట్టాలు వేయిస్తానన్నాడు. తాపీమేస్త్రిని తీసుకెళ్ళి పైకప్పు చూపించాడు. మేస్త్రి తలెత్తి ఓ చూపు చూసి, "ఈ ఎత్తుకి కింద గొట్టాలూ, వాటికింద ఇంకో కప్పూ వేస్తే మీరు వంగి నడవాలి," అని చక్కా పోయాడు. బావ నిజంగానే వంగి నాలుగడుగులు నడిచి చూసుకున్నాడట. ఆ రాత్రి ఫోను చేసి, వంగి నడవడం తనకు ఇబ్బందేమీ లేదుగానీ అక్కకు కష్టం అన్నాడు. నాకు నవ్వాలో ఏడవాలో పాలుపోలేదు.

"గొట్టాల్లేని రకం ఏసీ ఉంది కదా బావా. లోపల గోడకొకటి, బయటొకటి, మధ్యలో సన్నటి రాగిపైపులు. గోడకు ఓ బెజ్జం చాలు."

"బెజ్జంలోంచి ఇల్లంతా చల్లబడుతుందా?"

"ఇల్లంతా ఎందుకు, అక్క గది చల్లబడితే చాలదూ? చలికాలం వేడి కూడా అదే ఇస్తుంది."

"రెండు పనులు చేసేది ఒక్కటీ సరిగ్గా చెయ్యదు," అన్నాడు. అన్నాడేగానీ మర్నాడే నన్ను షాపుకు లాక్కెళ్ళాడు, అదీ నా సెలవు రోజున.

షాపులో గోడ పొడుగునా తెల్లటి యూనిట్లు వరసగా బిగించి ఉన్నాయి. బావ ఒక్కొక్కదాని కిందా నిలబడి తల పక్కకు వంచి వినడం మొదలుపెట్టాడు.

"ఇది నడుస్తోందా?"

"నడుస్తోంది సార్," అన్నాడు షాపతను.

"మరి చప్పుడేదయ్యా?"

"చప్పుడు రాకపోవడమే దీని గొప్ప సార్. ఇంట్లో పెట్టిన సంగతే మర్చిపోతారు."

"మర్చిపోతే ఎలాగ? ఇంజను ఆగిపోయినా తెలీదన్నమాట!"

షాపతను నా వంక చూశాడు. నేను ఫ్రిజ్‌ల వంక చూశాను. బావ యూనిట్ మీద అరచెయ్యి ఆనించి, బస్సు బానెట్టు మీద పెట్టినట్టు కాసేపు కళ్ళు మూసుకున్నాడు. తర్వాత షాపులోకెల్లా పెద్దది ఏదో చూపించమన్నాడు. గది ఎంత, కిటికీలెన్ని, ఎండ ఏ గోడ మీద పడుతుంది అని షాపతను అడుగుతుంటే అదేమీ చెవిన వేసుకోలేదు.

"ఎత్తు ఎక్కేటప్పుడు చిన్న ఇంజను సంగతి తెలుస్తుంది. పెద్దదే కావాలి."

"మీ గదికి అంత పెద్దది పెడితే గబగబా చల్లబరిచి ఆగిపోతుంది సార్. గది వేడెక్కగానే మళ్ళీ లేస్తుంది. మళ్ళీ ఆగుతుంది. ఓసారి చలి, ఓసారి ఉక్క. సరిపడా సైజుదైతే నెమ్మదిగా నడుస్తూనే ఉంటుంది, గది ఒకేలా ఉంటుంది."

ఒకేలా అన్న మాట దగ్గర బావ తల తిప్పాడు. "ఒకేలా ఉంటుందా? ఏడాది పొడుగునా?"

"వేసవిలో చల్లగా, చలికాలం వెచ్చగా. ఏడాది పొడుగునా."

అంతే, ఆ మధ్య సైజు మీద మనసు పడిపోయింది. అక్కడితో తెమిల్చాడా? ఊళ్ళో ఉన్న మిగతా షాపులన్నిటికీ కూడా తిరిగి, అందరినీ అవే ప్రశ్నలు అడిగి, మూడు చెరువుల నీళ్ళు తాగించి, ఆఖరుకు మొదటి షాపుకే వచ్చి ఆ మధ్య సైజుదే తీసుకున్నాడు. నా సెలవులన్నీ అలా హారతి కర్పూరమైపోయాయి.

"ఏ గోడకు పెట్టాలో అక్కను ఒక్కమాట అడుగు బావా," అన్నాను తిరిగొస్తుంటే.

"ఆవిడకెందుకీ తలనొప్పి? పాపం హాయిగా కూర్చోనీ."

నాకు చిర్రెత్తుకొచ్చింది. ఆ గదిలో ఉండబోయేది ఆవిడ, ఆ గాలి తగలబోయేది ఆవిడకు, అడగాల్సి వచ్చేసరికి మాత్రం పాపం. అదే మాట గట్టిగా అనేశాను కూడా. ఆయన అప్పటికే రోడ్డు దాటేశాడు.

బిగించే రోజు నేనూ వెళ్ళాను. మెకానిక్కు వయసులో మా బావకు కొడుకంత ఉంటాడు, నోరు మాత్రం చేతిలో డ్రిల్లు కంటే గట్టిది. వచ్చిందే ఆలస్యం, దానికి తోడు ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించి ఎవరితోనో పోట్లాడుతూ వచ్చాడు. బావ అప్పటికే పడక వైపు గోడ మీద పెన్సిలుతో ఇంటూ గుర్తు పెట్టి ఉంచాడు. మెకానిక్కు దాని మీద డ్రిల్లు ఆనించి గోడకు బెజ్జం వేశాడు. ఇటుకపొడి గదంతా పరుచుకుంది. బెజ్జంలోంచి వెలుతురు కనబడింది. సరిగ్గా అప్పుడు బావ, అక్క ప్రూఫులు దిద్దే బల్ల దగ్గర కుర్చీలో కూర్చుని, మొహం పైకెత్తి, అడ్డంగా తలూపాడు.

"ఇక్కడ కాదు. ఎదురు గోడకు పెట్టు. గాలి ఎదురుగా వచ్చి మొహానికి తగలాలి. అన్నేళ్ళు నేను బస్సు అలాగే నడిపాను."

"ఆంటీ ఇక్కడ బస్సు నడపరు కదా అంకుల్. మనిషి మీదికి నేరుగా కొట్టేలా పెట్టకూడదు."

"మొహానికి గాలి తగలకపోతే మనిషికి మగత కమ్ముతుంది. నీకు తెలీదు."

"పిల్లి పిల్లల్ని తిప్పినట్టు ఎన్ని గోడలు తిప్పుతారండీ! ముందే చెప్పొద్దా?" అంటూ మెకానిక్కు మొహం మాడ్చుకున్నాడు. కాస్త గట్టిగా నిలబడి ఉంటే బావ వినేవాడేమో. కానీ అతనికి ఇంకో ఇంటికి వెళ్ళే తొందర ఉంది. "మీ ఇల్లు, మీ ఇష్టం," అని ఎదురు గోడకు రెండో బెజ్జం వేసేశాడు. మొదటి బెజ్జాన్ని సిమెంటుతో పూడ్చారు. పడక గోడ మీద ఆ మచ్చ ఇప్పటికీ ఉంది.

బయటి యూనిట్ దగ్గరా అదే తంతు. డాబా మీద పెడదామంటాడు మెకానిక్కు. కాదు, అక్క కిటికీ కిందే స్టాండు వేసి పెట్టమంటాడు బావ. ఎందుకయ్యా అంటే, ఇంట్లో ఎక్కడున్నా తన చెవికి అందాలట. అక్కడే బిగించారు. రాగిపైపులు కలిపాక, లోపలి గాలీ తడీ లాగేయడానికి మెకానిక్కు ఓ పంపు తగిలించి గోడనీడలో చతికిలబడ్డాడు. బావ దాని చుట్టూ ప్రదక్షిణాలు మొదలుపెట్టాడు.

"ఇంకా స్టార్టు చెయ్యవేం?"

"ఇది ఆగాల్సిన పని అంకుల్. గొట్టాల్లో తడి మిగిలితే మిషను పాడవుతుంది."

"ఎంతసేపు ఆగాలి?"

"మీరు తిరగడం మానేసేదాకా."

నేను నవ్వు ఆపుకోలేకపోయాను. బావ నా వంక ఓ చూపు చూసి, ఇంకో చుట్టు తిరిగాడు. ఎలాగైతేనేం, సాయంత్రానికి చల్లటి గాలి వచ్చింది. బావ దాని ఎదురుగా నిలబడి చొక్కా పై గుండీ విప్పుకున్నాడు. "వస్తుంది కదా మరదలా? ఇప్పుడొస్తుంది కదా?" అన్నాడు. గాలి గురించి కాదు, అక్క గురించి.

వచ్చింది. టాక్సీలో తీసుకొచ్చాం. దారి పొడుగునా బావ ముందు సీట్లో కూర్చుని, అక్కడ లేని బ్రేకు తొక్కుతూనే ఉన్నాడు. టాక్సీ అతను రెండుసార్లు ఆయన కాళ్ళ వంక చూసి ఊరుకున్నాడు. ఇంటికి రాగానే అక్కను రెండు చేతులతో పొదివి పట్టుకుని గదిలోకి తీసుకెళ్ళి బల్ల ముందు కూర్చోబెట్టాడు. మీట నొక్కాడు. ఎదురు గోడ మీంచి గాలి సూటిగా వచ్చి ప్రూఫు కాగితాలన్నిటినీ గదంతా వెదజల్లింది.

అక్క కాగితాల వంక చూసింది, గోడ మీది యూనిట్ వంక చూసింది, ఆయన మొహం వంక చూసింది. "గాలి బాగుంది," అంది. తర్వాత నేను ఏరిచ్చిన కాగితాల్లో ఒకదాని మీద గ్లాసు, ఒకదాని మీద కళ్ళజోడు డబ్బా, ఇంకోదాని మీద డిక్షనరీ పెట్టుకుంది.

"దీని రిమోటేదీ?"

బావ చొక్కా జేబు తట్టాడు. "నా దగ్గరుంది. నువ్వు చెప్పు, నేను మారుస్తాగా."

బండి తాళం డ్రైవరు జేబులోనే ఉండాలి. అది ఆయనకు ఉద్యోగం నేర్పిన మొదటి పాఠం. బల్ల మీద పెట్టమని నేను ఎన్నిసార్లు మొత్తుకున్నానో లెక్కలేదు. "సరే సరే" అంటాడు, జేబు మీద చెయ్యి తీయడు. గాలి పక్కకు తిప్పాలంటే అక్క పిలవాలి. కాస్త తగ్గించాలంటే పిలవాలి. పిలిచేది లేకపోతే ఆయనే వచ్చి తలుపు తెరిచి "ఎలా ఉంది?" అని అడుగుతాడు. తెరిచినప్పుడల్లా గదిలో చల్లదనం వరండాలోకి పారిపోతుంది. అది తగ్గిందని అక్క అంటే, చూశావా అడగడం మంచిదైంది అంటాడు. ఇలాంటి మనిషికి ఏం చెప్పాలి?

అసలు గొడవ చప్పుడు దగ్గర వచ్చింది. గది సరిపడా చల్లబడగానే బయటి యూనిట్ నెమ్మదించేది, దాదాపు వినబడనంతగా. షాపతను చెప్పిన గొప్ప అదే. బావ చెవికి మాత్రం ఇంజను చచ్చిపోయినట్టు. వెంటనే లేచి, ఆపి, మళ్ళీ వేసేవాడు. అది మళ్ళీ గట్టిగా మొదలయ్యాక గుండె కుదుటపడి వరండాలోకి వెళ్ళేవాడు. కాసేపటికి అది మళ్ళీ సద్దుమణిగేది. ఈయన మళ్ళీ లేచేవాడు. ఒకేలా ఉండాలని తెచ్చిన మిషనును ఒక్క గంట ఒకేలా ఉండనివ్వలేదు.

ఆ మిగిలిన వేసవి అలా గడిచింది. వేడి బాధ తప్పింది, అది మాత్రం నిజం. కానీ నేను వెళ్ళినప్పుడల్లా అక్క నడక తగ్గుతూ వచ్చింది. మా ఇంట్లో బాల్కనీ దాకా వెళ్ళే మనిషి ఇక్కడ మంచం నుంచి కుర్చీకి, కుర్చీ నుంచి మంచానికి. అదీ ఆయన చేతుల మీద. కాళ్ళు సన్నబడ్డాయి. చలి మొదలయ్యాక ఇంకా మొద్దుబారాయి. ఎందుకని అడుగుతూనే ఉన్నాను. ఒకరోజు బావ పాలకు వెళ్ళినప్పుడు చెప్పింది.

"మీ బావ చెయ్యి పట్టుకుంటే నా కాళ్ళు పని మానేస్తాయే."

"అయితే పట్టుకోవద్దని చెప్పు."

"చెప్పాను. సరేనన్నాడు. అప్పట్నుంచి చెయ్యి వదిలేసి నడుము పట్టుకుంటున్నాడు."

ఇద్దరం నవ్వాం. నవ్వుతూనే అక్క కళ్ళు తుడుచుకుంది. "ఆయన్ను ఏమీ అనలేనే. అంటే బయటికెళ్ళి వరండాలో తిరుగుతాడు. ఆ చెప్పుల చప్పుడు వింటూ నేను ఒక్క అచ్చుతప్పు కూడా పట్టుకోలేను," అంది.

మంచు గట్టిగా పడుతున్న ఓ ఉదయం నేను షాపుకు బయల్దేరుతుంటే ఫోను చేసింది. గొంతు చాలా చిన్నగా ఉంది. బావ పక్క గదిలో ఉన్నట్టున్నాడు.

"చెల్లీ, వచ్చి నన్ను తీసుకెళ్ళు. ఈసారి ఎప్పుడొస్తానో తెలీదు. ఆయనకు నేనింకా చెప్పలేదు. నువ్వొచ్చాక చెప్తాను."

ఇన్నాళ్ళూ ఆయన మీద విసుక్కున్నదాన్ని నేనే. తీరా ఆ మాట విన్నాక మెట్ల మీద తడిసిన ఆయన నుదురే కళ్ళముందు కదిలింది. షాపుకు ఆలస్యమవుతుందని చెప్పి, బావతో ఏం మాట్లాడాలో తెలియక, మాట్లాడటానికి ఎవరూ లేకపోయినా ఆటోలో పైకే గొణుక్కుంటూ వెళ్ళాను.

వీధి మలుపు తిరగ్గానే వాళ్ళ ప్రహరీ మీంచి తెల్లటి ఆవిరి లేస్తూ కనబడింది. లోపలికి పరుగెత్తాను. అక్క కిటికీ కింద బయటి యూనిట్ ఒళ్ళంతా మంచు పట్టి తెల్లగా ఉంది. దానిలోంచి గుప్పుమని ఆవిరి. కింద నీళ్ళు కారుతున్నాయి. ఫ్యాను ఆగిపోయి ఉంది. ఎదురుగా మా బావ, చేతికి తువ్వాలు చుట్టుకుని, ఎవరినీ దగ్గరకు రానివ్వని పోలీసులా రెండు చేతులూ చాపి నిలబడ్డాడు.

"దగ్గరికి రాకు! రేడియేటరు మరిగింది! ఉన్నట్టుండి ఇంజను ఆగింది, బుస్సుమంది, పొగ మొదలైంది. మెయిను కట్టేసి వచ్చాను. చల్లారేదాకా ముట్టుకోకూడదు."

"ఏసీకి రేడియేటరేంటి బావా!"

"అన్నిటికీ ఉంటుంది," అన్నాడు కోపంగా. "నేను అప్పుడే అన్నాను, రెండు పనులు చేసేది ఒక్కటీ చెయ్యదని. ఇది కూడా పోయిందంటే ఆవిడిక ఈ ఇంట్లో ఉండదే."

నేను మెకానిక్కుకు ఫోను కొట్టాను. అతను ఎక్కడో నిచ్చెన మీద ఉన్నట్టున్నాడు, అరుస్తూ మాట్లాడాడు. "ఆవిరా? అది మామూలే అక్కా! చలికాలం వేడి మీద నడిపితే బయట మంచు పట్టేస్తుంది. అది తనే ఆగి, ఆ మంచు కరిగించుకుని, మళ్ళీ తనే మొదలవుతుంది. మధ్యలో ఆపకండి! నేను చెప్పలేదా?" చెప్పలేదు. ఎండాకాలం చివర్లో బిగించి వెళ్ళినవాడికి మంచు సంగతి ఎందుకు గుర్తొస్తుంది? నేను ఫోను పెట్టేసి బావకు చెప్పాను. ఆయన నమ్మలేదు. ఆవిరి తగ్గుముఖం పట్టింది చూడు, చల్లారుతోంది, ఇంకాస్త ఆగాలి అన్నాడు. మెయిను స్విచ్చు గది లోపల, తలుపు పక్కన ఉంది. లోపల అక్క ఒక్కతే. గది చల్లబడిపోతోంది.

లోపల్నుంచి అక్క గొంతు వినబడింది. "ఏవండీ! చలేస్తోంది!"

"ఆగాగు! వస్తున్నా! లేవకు!" అని అరిచాడు బావ. అరిచి, మిషనును వదిలి వెళ్ళలేక, ఆమెను వదిలి ఉండలేక, అక్కడే అటూ ఇటూ కాళ్ళు మార్చాడు. అప్పుడు నన్ను సరిగ్గా చూశాడు. పొద్దున్నే, పనిరోజున, చేతిలో ఖాళీ సంచితో వచ్చిన నన్ను.

"రమ్మందా?"

"అవును బావా."

"తీసుకెళ్ళమందా?"

నేను తలూపాను. అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు. ఆయన చూపు నా భుజం మీదుగా కిటికీలోకి వెళ్ళింది. నేనూ తిరిగి చూశాను.

అక్క లేచింది. బల్ల అంచు పట్టుకుని, కాసేపు నిలబడి, బల్ల వదిలేసింది. కాళ్ళు బిగుసుకుని ఉన్నాయి, మోకాళ్ళు సరిగ్గా వంగడం లేదు. అయినా ఒక అడుగు. ఇంకో అడుగు. మధ్యలో పట్టుకోవడానికి ఏమీ లేదు, ఖాళీ నేల. చేతులు రెండూ కాస్త పక్కలకు చాపి, పెదవి కొరుక్కుంటూ, తలుపు వైపు నడుస్తోంది. బావ గొంతులోంచి ఏదో చప్పుడు వచ్చింది. పరుగెత్తబోతాడని నేను ఆయన చొక్కా పట్టుకున్నాను. పట్టుకోవాల్సిన అవసరం లేకపోయింది. ఆయన కదల్లేదు.

అక్క స్విచ్చు వేసింది. గోడకు వీపు ఆనించి ఊపిరి పీల్చుకుంది. తర్వాత తిరిగి బయల్దేరింది. దారిలో వంగి, నేల మీద పడిన ప్రూఫు కాగితం ఒకటి తీసుకుంది. నెమ్మదిగా, పడకుండా, దాన్ని వెలుతురుకు పెట్టి చూస్తూ నిలబడింది. ఎవరూ చూడని చోట నిలబడే మనిషి ఎలా నిలబడుతుందో అలా.

కాసేపటికి బయటి యూనిట్ తనంతట తనే కదిలింది. ఫ్యాను తిరిగి మా కాళ్ళ మీదికి గడ్డకట్టే గాలి వదిలింది. బావ అది ఆడుతోందో లేదో చెవిపెట్టి వినలేదు. కిటికీ వైపే చూస్తున్నాడు, కళ్ళ నిండా నీళ్ళతో.

"ఇలా ఒక్కతే నడిచేదా?" అన్నాడు. "మీ ఇంట్లో కూడా?"

"నడిచేది బావా."

నేను గుమ్మం వైపు ఒక అడుగు వేశాను. అక్కకు కబురు చెప్పాలి, మెకానిక్కు అన్నది చెప్పాలి, తీసుకెళ్ళాలో వద్దో తేల్చుకోవాలి. బావ నా చెయ్యి పట్టుకుని ఆపాడు.

"కాసేపుండవే. లోపలికి పద అనకు. నన్ను చూస్తే కూర్చుంటుంది."